పూత లేని చర్చి

పాత గోవాలో బస్సు దిగగానే మా అమ్మ అడిగింది, "దీనికి సున్నం వెయ్యలేదేంట్రా?" అని. ఉండేది, 1950ల్లో గీకేశారు. 1605లో పూర్తయిన బాం జీసస్ బసిలికా జేగురురంగు లేటరైట్ రాయితో సున్నం గీకేసినప్పట్నుంచీ వానకు తడుస్తోంది. నన్నడిగితే అలా గీకెయ్యడం పొరపాటే. ఆ రాయి నీరు పీలుస్తుంది.

లోపల బంగారు పూత బలిపీఠం మీద బాలయేసు చిన్నగా, వెనక సెయింట్ ఇగ్నేషియస్ విగ్రహం భారీగా! జనం మాత్రం కుడివైపుకే నడుస్తారు. అక్కడుంది సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ సమాధి. కింద ఫ్లోరెన్స్ శిల్పి ఫొగ్గిని చలువరాతి పీఠం, టస్కనీ ప్రభువు కానుక, 1698లో నిలిపారు. పైన గోవా కంసాలుల వెండి పేటిక, 1637 నాటిది. మెడ నొప్పెట్టేదాకా అమ్మ దాన్నే చూసింది.

పదేళ్లకోసారి జేవియర్ భౌతికకాయాన్ని కిందికి దించి, ఎదురుగా ఉన్న సే కెథడ్రల్‌లో ఉంచుతారు. మొన్నటి దర్శనం 2025 జనవరి 5న ముగిసింది.