పాట నోట్లో.. పుస్తకం మూతలో

పర్లాకిమిడి: ఇక్కడి తెలుగు క్రైస్తవుల ఇళ్లల్లో పొద్దుగూకితే కుటుంబ ప్రార్థన. ముందు పాట, తర్వాత వాక్యం. ఆ పాటల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి ఈ తాలూకా మనిషే. 1803లో పుట్టిన ఈ బెంగాలీ బ్రాహ్మణుడు 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. శ్రీకాకుళం, బరంపురం వైపు ఊళ్లలో సువార్త చెప్పారు. 1890లో కన్నుమూశారు. ఆయన కీర్తనలు నేటికీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో రాగతాళాలతో ఉన్నాయి.

చిక్కంతా చదివేవాళ్లతోనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. పిల్లల చదువు ఒడియాలోనో, ఇంగ్లిషులోనో! ఇంట్లో మాట తెలుగే, అక్షరం మాత్రం రాదు. పాటను ఒడియా లిపిలో రాసుకుని పాడేవాళ్లూ ఉన్నారు. అలా పాట నోటికొస్తుంది సరే.. పక్కనున్న తెలుగు బైబిలు తెరిచేదెవరు? అమ్మమ్మ చదివితే వినడమే. ఆమె తర్వాత?

పొరుగింట జబ్బు చేస్తే వెళ్లి నాలుగు మాటలు ప్రార్థించాలన్నా వాక్యం సొంతంగా చదివి ఉండాలి కదా. అమ్మమ్మలే పాట పుస్తకంలో వేలు పెట్టి రోజుకో చరణం కూడబలికిస్తే అక్షరం, భక్తి రెండూ వస్తాయి. వేసవి వీబీఎస్‌లో కథలు, యాక్షన్ పాటలతో పాటు అరగంట అక్షరాలు దిద్దించినా సంఘానికి పెద్ద ఖర్చేం కాదు. పలక, బలపం చాలు.