పండితుని చరిత్రనవల

అధికారము చేతనున్నవారు చెప్పినదే చరిత్రమని నమ్మి యూరకుండుట విద్వాంసుల ధర్మము గాదు. ఇందులకు స్పెయినుదేశపు పండితు నొకనిని మా పాఠకులకు నిదర్శనముగాఁ జూపుచున్నాము.

లూయీస్ గార్సియా హంబ్రీనా 1960లో సమోరా నగరమున జన్మించెను. 1218లో స్థాపితమైన సలమాంకా విశ్వవిద్యాలయమున స్పానిషు సాహిత్యాచార్యుఁడయ్యెను. తన యూరి కవియగు క్లౌదియో రొద్రీగెస్ కృతులపై పరిశోధన గావించెను.

2008లో ఆయన ‘శిలాలిఖిత ప్రతి’ యను నర్థము గల పేరితో నొక చారిత్రక నవలను వెలువరించెను. పదునైదవ శతాబ్దాంతమున వెలసిన ‘సెలెస్తీనా’ కర్త ఫెర్నాందో దె రోహాస్ ఇందు నాయకుఁడు. సలమాంకాలో విద్యార్థిగా నుండి హత్యారహస్యమును శోధించును. క్రైస్తవమతము పుచ్చుకొన్న యూదుల వంశమున బుట్టి, మతవిచారణసభల భయములో బ్రదికినవాని హృదయము దస్తావేజులలో దొరకదు. దానిని నవలయే యూహింపఁగలదు.

అయినను ఊహకు మేర గలదని హంబ్రీనా యెఱుఁగును. రచయితయుఁ దత్త్వవేత్తయునగు ఉనమూనో 1936లో మొదట సైనికుల తిరుగుబాటును సమర్థించెను. అక్టోబరు 12న నిండుసభలో దాని పక్షమువారినే యెదిర్చి, విశ్వవిద్యాలయాధ్యక్షపదవిని గోల్పోయెను; డిసెంబరు 31న గృహనిర్బంధమున మరణించెను. ఆయన శవపేటికను ఫలాంజీ పక్షమువారే మోసి, ఆయనను దమవానినిగాఁ జేసికొనిరి. 2021లో హంబ్రీనా, చలనచిత్ర దర్శకుఁడు మనువేల్ మెంచోన్‌తోఁ గూడి ‘ఉనమూనో ద్విమరణము’ అను గ్రంథమున సాక్ష్యములను సరిచూచి, ప్రచారములో నున్న కథను శంకించెను. హత్య యని తీర్పు మాత్రము చెప్పలేదు.

ఆధారము లేనిచోట నవల యని చెప్పి వ్రాయవలెను; చరిత్రమని చెప్పునపుడు ఆధారమును జూపవలెను. ఈ రెంటిని గలిపివేయుట అధికారుల పని. వేఱుపఱచుట పండితుల పని యని మా మతము.