బ్రేకు పెడలు మెత్తబడిందా? అశ్రద్ధ చేయకండి!

వంటల పేజీల మధ్య ఈ కారు గొడవేమిటా అనుకుంటున్నారా? ఇదీ ఇంటి సంగతేనండీ. ఆ కారులో తిరిగేది మనమూ, మన పిల్లలూనే కదా!

పోయిన సంక్రాంతి ముందు మా పాత కారుకి బ్రేకు గొట్టం పగిలితే ఒక షెడ్డులో కొత్తది వేయించాం. మర్నాడు పిల్లలతో బయలుదేరాం. రైల్వే గేటు దగ్గర మావారు బ్రేకు నొక్కితే పెడలు దూదిపరుపులా లోపలికి దిగిపోయింది. గబగబా మూడుసార్లు నొక్కితే గానీ బండి ఆగలేదు. ముందున్న ఆటోకి జానెడు దూరం! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మా వీధిలో బస్సు డిపో మెకానిక్కుగా చేసి రిటైరయిన బాబాయిగారు చూసి, "గొట్టం మార్చి గాలి తీయలేదమ్మా" అన్నారు. ఆయనే దగ్గరుండి మా ఇద్దరిచేత ఆ పని చేయించారు.

గాలి ఉంటే ఏమవుతుంది? జంతికల గొట్టంలో పిండి మధ్య ఖాళీ ఉంటే ఎంత నొక్కినా పిడి కిందికి పోతుందే గానీ జంతిక సరిగా రాదు కదా! ఇదీ అంతే. ఆయిలు నలగదు, గాలి నలుగుతుంది. మన కాలి బలం చక్రం దాకా పోదు.

కావలసినవి: కారు పుస్తకంలో చెప్పిన రకం బ్రేకు ఆయిలు, మూత తీయని కొత్త డబ్బా, నిపిలుకి సరిపడే రింగు స్పానరు, రెండడుగుల సన్నని ప్లాస్టిక్ ట్యూబు, లోపల బుడగలు కనబడేది, ఒక సీసా, పాత గుడ్డలు, బకెట్టు నీళ్ళు.

చేసే విధానం: కారు చదునైన చోట పెట్టి, చక్రాలకి రాళ్ళు అడ్డం వేయండి. ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టాలి. ఇంజను ఆపి ఉంచండి. బానెట్ కింద ఉన్న ఆయిలు డబ్బీ గీత దాకా నింపండి. ఏ చక్రం ముందో పుస్తకం చూసుకోండి. చాలా కార్లకి డబ్బీకి దూరంగా ఉండే వెనక ఎడమ చక్రంతో మొదలు.

ట్యూబు ఒక కొస నిపిలుకి తొడిగి, రెండోది సీసాలో కాస్త ఆయిలు పోసి అందులో ముంచాలి. సీట్లో నేను, చక్రం దగ్గర మావారు. ఆయన "నొక్కు" అంటే మెల్లగా నొక్కి పట్టి "నొక్కాను" అనాలి. ఆయన నిపిలు కొంచెం వదులు చేస్తారు. బుడగలతో ఆయిలు వస్తుంది, పెడలు కిందికి దిగుతుంది. కాలు అలాగే ఉంచాలి. ఆయన బిగించి "వదులు" అన్నాకే తీయాలి. తొందరపడి ముందే వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది!

బుడగలు ఆగేదాకా ఇలాగే. అయిదారుసార్లకోసారి డబ్బీ నింపుతుండాలి. అది ఖాళీ అయితే మళ్ళీ మొదటికొచ్చినట్టే. నాలుగు చక్రాలకీ ఇంతే.

జాగ్రత్తలు: ఈ ఆయిలు రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగండి. కంట్లో పడనివ్వకండి. బయటికొచ్చిన ఆయిలు మళ్ళీ వాడకూడదు. ఇది ఉప్పులా చెమ్మ పీల్చుకుంటుంది, అందుకే ఎప్పుడో విప్పిన డబ్బా పనికిరాదు. ఇది విషం, కూల్‌డ్రింకు సీసాలో పోసి పిల్లలకందేచోట పెట్టకండి తల్లీ!

చివరికి పెడలు గట్టిగా తగలాలి. ఇంజను వేశాక కొంచెం దిగితే భయం లేదు. నొక్కి పట్టినా ఇంకా ఇంకా దిగిపోతుంటే బండి కదపకండి, మెకానిక్కుని పిలవండి. ఏబీఎస్ ఉన్న కార్లలో కొన్నిటికి మిషను పెట్టి తీయాలి, అది షెడ్డు పనే. మొదట ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి చూడండి.

ఇప్పుడు రిపేరు ఎవరు చేసిచ్చినా, డబ్బిచ్చేముందు నేనే సీట్లో కూర్చుని పెడలు నొక్కి చూస్తున్నాను. డ్రైవింగు రాకపోయినా ఈ పని చెయ్యొచ్చు. మీరూ చూడండి, సరేనా?