మీకు తెలుసా? టర్కీ వేటకు తేలిక తుపాకీయే ఎందుకు?

అడిక్‌మెట్ వైపు నుంచి ఎన్‌సీసీ గేటు దాటి ఉస్మానియా క్యాంపస్‌లోకి పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లకు నెమళ్లు కొత్త కాదు. ఆ నెమలికీ, అమెరికావాళ్లు నవంబరు పండక్కి వండుకునే టర్కీ కోడికీ చుట్టరికం ఉంది. రెండూ ఫేసియానిడే కుటుంబానివే. చట్టం దృష్టిలో మాత్రం ఆ రెంటికీ పొంతనే లేదు. 1963 నుంచి నెమలి మన జాతీయ పక్షి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దాన్ని మొదటి షెడ్యూలులో పెట్టింది. చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, పాతికవేలకు తగ్గని జరిమానా. ఈకలు పీకి ముక్కలు కొట్టేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవడానికీ లేదు. మాంసం ముక్కలోని డీఎన్‌ఏను బట్టి అది ఏ జీవిదో తేల్చే పద్ధతిని 2003లో ప్రకటించింది తార్నాక పక్కనే, హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలే.

అమెరికాలో కథ వేరు. అలాస్కా తప్ప మిగతా 49 రాష్ట్రాల్లో అడవి టర్కీలున్నాయి. వసంతకాలంలో లైసెన్సు ఉన్నవాళ్లను ప్రధానంగా మగ పక్షులనే వేటాడనిస్తారు. అడిక్‌మెట్ అద్దె గదుల్లో జీఆర్‌ఈ చదివి మిస్సోరీకో టెక్సస్‌కో చేరినవాడిని, ఏ ఏప్రిల్‌లోనో తోటి ఉద్యోగి “వస్తావా టర్కీకి?” అని పిలుస్తాడు. ఈ వారం ముచ్చట్లు వాడి కోసం, ఇక్కడ పేపరు చదువుతూ కూర్చున్న వాళ్ల నాన్న కోసం.

పిలుపు వచ్చాక మొదట చూసుకోవాల్సింది తుపాకీ కాదు, వీసా. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి, అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం. గ్రీన్ కార్డువాళ్లకు ఈ నిషేధం లేదు. స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఫొటో దిగే సరదా ఉన్నవాళ్లు ఈ నాలుగు మాటలూ ఇంకోసారి చదువుకుంటే మంచిది.

ఇక తుపాకీ. మన దగ్గర పాత జమీందారీ ఇళ్ల గోడలకు వేలాడే “ట్వెల్వ్ బోర్” పేరులో ఆ పన్నెండు ఏమిటి? ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం అన్నమాట. ఇరవై గుండ్లు పోస్తే 20 గేజ్. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 12కి 18.5 మిల్లీమీటర్లు, 20కి 15.6. ఈ లెక్కకు లొంగనిది 410 ఒక్కటే. అది నేరుగా అంగుళాల్లో చెప్పిన వ్యాసం, 0.410 అంగుళాలు, అంటే 10.4 మిల్లీమీటర్లు.

హైదరాబాదీ కైనన్ చెనాయ్ గుర్తున్నాడా? 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ షూటింగ్‌లో జట్టుతో కలిసి స్వర్ణం, విడిగా కాంస్యం తెచ్చాడు. ట్రాప్ క్రీడాకారుల తుపాకులు మూడున్నర కిలోలు దాటే ఉంటాయి. క్వాలిఫికేషన్‌లోనే గాల్లోకి విసిరే 125 మట్టి పళ్లేలను కొట్టాలి. బరువు ఉంటే తుపాకీ నిలకడగా తిరుగుతుంది, భుజానికి దెబ్బ తగ్గుతుంది. టర్కీ వేటగాడి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. చీకటితో లేచి కొండలూ గుట్టలూ ఎక్కి, ఏ చెట్టు మొదట్లోనో గంటల తరబడి కదలకుండా కూర్చుని, అదృష్టం బాగుంటే పేల్చేది ఒక్క తూటా. మోతే ఎక్కువ, మోగేది తక్కువ. కాబట్టి రెండున్నర కిలోల చుట్టూ తూగే 20 గేజ్, అంతకన్నా తేలికైన 410 వైపు జనం మొగ్గుతున్నారు.

తేలికకు మూల్యం ఉంది. తూటా అదే అయితే, వెనక్కి తన్నే శక్తి తుపాకీ బరువుకు విలోమంగా మారుతుంది. 3.4 కిలోల నుంచి 2.6 కిలోలకు దిగితే తన్ను దాదాపు 30 శాతం పెరిగినట్టే. ఉస్మానియాలో ఫిజిక్స్ చదివినవాళ్లు ద్రవ్యవేగ నిత్యత్వంతో రెండు నిమిషాల్లో లెక్క కట్టి చూసుకోవచ్చు. అందుకని తేలికపాటి 12 గేజ్ కొని, అందులో మూడున్నర అంగుళాల మాగ్నమ్ తూటా దూర్చడం నా దృష్టిలో తెలివితక్కువ బేరం. తన్నుకు భయపడి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగేవాడికి ఎంత శక్తి ఉండి ఏం లాభం?

సన్న గొట్టం ఇప్పుడు చాలుతోందంటే కారణం టంగ్‌స్టన్. సీసం సాంద్రత ఘనసెంటీమీటరుకు 11.3 గ్రాములైతే, టీఎస్ఎస్ అనే టంగ్‌స్టన్ గుళ్లది 18. రెండు మిల్లీమీటర్ల 9వ నంబరు టీఎస్ఎస్ గుండు, మూడు మిల్లీమీటర్ల 5వ నంబరు సీసపు గుండుకు దీటుగా దిగుతుందని వేటగాళ్ల మాట. చిన్న గుళ్లు కనుక అదే బరువులో చాలా ఎక్కువ పడతాయి. ఫెడరల్ అనే కంపెనీ 2018లో వీటిని తూటాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టాక 410ని పిల్లల తుపాకీ అనేవాళ్లు తగ్గారు. ధర మాత్రం చురుక్కుమంటుంది. సాధనకు చవక తూటాలు కాల్చి, వీటిని పరీక్షకు ఒకటీ రెండూ వాడుకుంటారు.

ఆ పరీక్ష ఎగ్గొట్టకూడదు. టర్కీ ఒంటి మీద ఈకలు దళసరి, గురి పెట్టేది తల, మెడ. ముందు 20 గజాల్లో కాల్చి గుళ్ల గుంపు గురికి పైకో పక్కకో పోతోందా అని చూసి, సైటు సరిచేసుకోవాలి. తర్వాత 40 గజాల్లో పెద్ద కాగితం కట్టి కాల్చి, గుళ్లు దట్టంగా పడిన చోట 10 అంగుళాల వలయం గీసి లెక్కపెడతారు. నూరు గుళ్లు ఉంటే చాలని వాడుక. తగ్గితే ఆ దూరం మానుకుని, నూరు పడే దూరం వరకే పరిమితం కావాలి. గుళ్లను చెదరకుండా పంపేది గొట్టం పొడవు కాదు, దాని మూతికి బిగించే చోక్. 20 గేజ్ టర్కీ చోక్ గొట్టం కన్నా మిల్లీమీటరుకు పైగా ఇరుకు. అలాంటి చోక్‌తో పది గజాల్లో గుళ్లన్నీ అరచేయంత మేరలోనే పోతాయి. పక్షి దగ్గరికొస్తే తేలిక అనుకుంటాం గానీ, గురి తప్పేది అక్కడే. ఉత్త పూస సైటుతో కాల్చేటప్పుడు చెంప కాస్త ఎత్తినా దెబ్బ పైకి పోతుంది. ఎర్ర చుక్కతో గురి చూపే రెడ్ డాట్ సైటు ఈ తప్పును బాగా తగ్గిస్తుంది. నా ఓటు దానికే.

గొట్టం పొడవు చోక్‌కు పట్టకపోయినా చట్టానికి పడుతుంది. మన ఆయుధాల చట్టం, 1959లోని 13వ సెక్షన్ ఆత్మరక్షణకో క్రీడకో ఇచ్చే నున్నగొట్టం తుపాకీకి గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదంటుంది. అమెరికాలో గీత 18 దగ్గర. అందుకే అక్కడి పొట్టి టర్కీ తుపాకులు కొన్ని మన కొలతకు నిలవవు.

మగ టర్కీ తల ఎరుపు, తెలుపు, నీలం. అందుకే ఆ అడవిలో ఆ మూడు రంగుల బట్ట ఒంటి మీద ఉండకూడదంటారు. మనవాళ్లకు చలికి తలకు ఎర్ర తువ్వాలు చుట్టే అలవాటుంటే ఇంట్లో వదిలి వెళ్లాలి. గుబురులోంచి టర్కీ కూత వినిపిస్తే అది పక్షే కానక్కర్లేదు, కూత పెడుతున్న ఇంకో వేటగాడు కావచ్చు.

20 గేజ్ తూటాలు పసుపు రంగులో ఉండటం అందానికి కాదు. పొరపాటున ఒకటి 12 గేజ్‌లో పడితే తూటా కూర్చునే గది దాటి జారి, గొట్టం మొదట్లో ఇరుక్కుంటుంది. తెరిచి చూస్తే తుపాకీ ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనకాల 12 గేజ్ తూటా పెట్టి పేల్చారంటే గొట్టం చేతిలోనే పగులుతుంది. అందుకే ఇంట్లో రెండు రకాల తుపాకులున్నవాళ్లు రెండు రకాల తూటాలనూ ఒకే జేబులో వేసుకోరు.