వైద్య విద్యార్థికీ వైద్యం అవసరమే

గోకుందలోని తెలుగు ఇంటి నుండి నాందేడ్ వంటి నగరానికి వైద్యవిద్యకై వెళ్లిన విద్యార్థికి పాఠం ఆంగ్లంలో, రోగితో సంభాషణ మరాఠీలో, మనసులోని మాట మాత్రం తెలుగులో. చదువు భారం, రాత్రి విధులు, మరణాన్ని దగ్గరగా చూడడం ఇందుకు తోడవుతాయి. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో ప్రత్యేక నివేదికనే సమర్పించింది.

దిగులు, నిరాసక్తత, నిద్రలేమి, తాను ఎందుకూ పనికిరానన్న భావం రెండు వారాలకు మించి నిలిచినచో అది కుంగుబాటు కావచ్చును. అది బలహీనత కాదు, వ్యాధి, చికిత్సకు లొంగుతుంది. మందుల పేర్లు తెలిసినంత మాత్రాన విద్యార్థి తనకు తానే వైద్యం చేసుకోరాదు. మందు గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. వైద్యుని అడగక మధ్యలో మానరాదు.

"కళాశాలలో తెలిసిపోతుందేమో" అన్న భయం చికిత్సకు అడ్డు కాకూడదు. రోగి వివరాలను గోప్యంగా ఉంచడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యుల బాధ్యత.

తల్లిదండ్రులు ఫోనులో మార్కులకంటె ముందు నిద్రాహారాలను విచారించాలి. "ఒక ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు" అన్న మాట బిడ్డకు కొండంత అండ. చనిపోవాలన్న మాట వినబడితే తేలికగా తీసుకోరాదు. ఒంటరిగా విడువక, వెంటనే సమీప ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. గోకుందలో ఉపజిల్లా ఆసుపత్రి ఉన్నది.

టెలీ మానస్ సహాయ సంఖ్య 14416. పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడవచ్చును.