బెత్తమా? బిస్కెట్ ముక్కా?

ఆల్సేషియన్ గుర్రుమంటే ఇంటిల్లిపాదీ జాగ్రత్త పడతారు. మూడు కిలోల పామెరేనియన్ గుర్రుమంటే మాత్రం "అబ్బో, దీనికెంత పౌరుషమో!" అని నవ్వుతారు. చుట్టం కాలు పట్టి లాగినా ఒళ్లోకి తీసుకుని ముద్దు చేస్తారు. కాని పసిపిల్లల ముఖానికి చిన్న కుక్క పళ్లు చాలు. రేబిస్ వ్యాధికి కుక్క సైజుతో నిమిత్తం లేదు. పైగా కరవడం అలవాటైన కుక్కకు చివరికి మిగిలేది గొలుసు, లేకపోతే వీధి.

చిన్న కుక్కలు స్వభావరీత్యానే పెంకివా? ఆస్ట్రియా పరిశోధకులు 1,276 మంది కుక్కల యజమానులను ప్రశ్నించి 2010లో ఫలితాలు ప్రచురించారు. చిన్న కుక్కలు మాట తక్కువ వింటాయనీ, ఎక్కువగా బెదురుతాయనీ, ఎక్కువగా మీదికి వస్తాయనీ తేలింది. అయితే వాటి యజమానులు శిక్షణకు తక్కువ సమయం ఇస్తున్నారనీ, ఈ రోజు ఒక రకంగా, రేపు మరో రకంగా ప్రవర్తిస్తున్నారనీ కూడా తేలింది. కాబట్టి తప్పంతా జాతిది అనడానికి వీల్లేదు.

పెట్టెలో పిల్లి

1898లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఆకలితో ఉన్న పిల్లిని ఒక పెట్టెలో పెట్టి, బయట ఆహారం ఉంచాడు. పిల్లి గీరింది, కొరికింది, అటూ ఇటూ తిరిగింది. ఆ గడబిడలో కాలు తగిలి గడియ ఊడింది. మళ్లీ మళ్లీ పెట్టెలో ఉంచగా, అది బయటపడే వ్యవధి క్రమంగా తగ్గిపోయింది. మంచి ఫలితాన్నిచ్చిన పని మళ్లీ జరుగుతుందన్నదే దీని సారాంశం. తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలతో, పావురాలతో ఈ విషయాన్ని విస్తృతంగా పరిశీలించాడు. ఒక పని చేసిన వెంటనే ఇష్టమైనది అందించి ఆ పనిని బలపరచడాన్ని మనస్తత్వశాస్త్రంలో ధనాత్మక పునర్బలనం అంటారు.

ఈ సూత్రం మనం శిక్షణ ఇచ్చే ఐదు నిమిషాలే కాదు, రోజంతా పనిచేస్తుంది. భోజనాల దగ్గర కుక్క మొరిగితే నోరు మూయించడానికి ఇడ్లీ ముక్క వేస్తాం. మొరగడం ఆగిందని మనం సంతోషిస్తాం. మొరిగితే ఇడ్లీ వస్తుందని కుక్క నేర్చుకుంటుంది. సరే, రేపటి నుంచి మానేద్దాం అనుకుంటే మొదట్లో అది మరింత గట్టిగా మొరుగుతుంది. అప్పుడు విసిగి ఒక ముక్క వేశామా, గట్టిగా మొరగడాన్నే నేర్పినట్టు. అందరూ మానేసినా తాతయ్య చాటుగా అప్పుడప్పుడూ వేస్తుంటే ఆ అలవాటు ఇంకా మొండిదవుతుంది. ఎప్పుడో ఒకసారి తగిలే లాటరీని జనం వదలలేకపోవడం ఇటువంటిదే.

కూర్చోవడం నేర్పేదెలా?

వేళ్ల మధ్య చిన్న తినుబండారం పట్టుకుని కుక్క ముక్కు దగ్గర ఉంచి, నెమ్మదిగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేచేసరికి వెనక భాగం దానంతట అదే కిందికి దిగుతుంది. నేలకు తగిలిన క్షణంలోనే "శభాష్" అని, ముక్క అందించండి. ఆలస్యం చేస్తే అది లేచి నిలబడుతుంది. అప్పుడు ఇస్తే నిలబడినందుకు బహుమతి ఇచ్చినట్టే. ఈ వ్యవధి చిక్కు తీర్చడానికే కొందరు టిక్కుమనే చిన్న క్లిక్కర్ వాడతారు. అటువంటి చప్పుడు చేసే బొమ్మను వాడవచ్చని స్కిన్నర్ 1951లోనే రాశాడు. చప్పుడు తర్వాత ప్రతిసారీ ఆహారం వస్తే, ఆ చప్పుడే శుభవార్త అవుతుంది.

కదలిక అలవాటయ్యాకే మాట జోడించాలి. "కూర్చో" అన్నా, "సిట్" అన్నా పరవాలేదు. ఇంట్లో అందరూ ఒకే మాట అనాలి. ఒక్కో విడత నాలుగైదు నిమిషాలు చాలు. బాగా నేర్చుకున్నాక ప్రతిసారీ తిండి అక్కర్లేదు, మెచ్చుకోలు మధ్య అప్పుడప్పుడూ ఇస్తే సరి.

చిన్న కుక్క విషయంలో లెక్క ముఖ్యం. మూడు కిలోల కుక్కకు రోజుకు కావలసింది సుమారు 200 నుంచి 250 కేలరీలు. ఒక్క గ్లూకోజ్ బిస్కెట్‌లోనే 20 కేలరీలకు పైగా ఉంటాయి. బహుమతులు రోజు ఆహారంలో పదో వంతు మించకూడదు. అందుకే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి మాంసాన్ని కందిగింజంత ముక్కలు చేసి వాడడం మేలు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి కుక్కలకు విషతుల్యం.

కొడితే ఏమవుతుంది?

దెబ్బకు ఆ క్షణంలో కుక్క ఆగవచ్చు. కాని ఏం చెయ్యాలో దెబ్బ నేర్పదు. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. ఇక మిగిలేది చెప్పకుండా కరవడం. పోర్చుగల్‌లో 92 కుక్కలపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, శిక్షించే పద్ధతులు వాడే శిక్షణాలయాల కుక్కలలో ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. శిక్షణ తర్వాత వాటి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కూడా పెరిగింది. మెడపట్టీ గుంజడం చిన్న జాతులకు మరో ముప్పు. వీటిలో చాలావాటికి శ్వాసనాళం సున్నితం కనుక ఛాతీకి తొడిగే పట్టీ మంచిది.

దువ్వెన చూస్తే గుర్రుమనే కుక్కనే తీసుకోండి. దువ్వెన చూపి ఒక ముక్క, ఒంటికి తాకించి ఒక ముక్క, ఒక్కసారి దువ్వి ఒక ముక్క. ఇలా కొన్ని రోజులపాటు, అది బెదరనంత మేరకే ముందుకు సాగాలి. నెమ్మదైన కుక్క హఠాత్తుగా కరవసాగితే మాత్రం ఎక్కడో నొప్పి ఉండవచ్చు, పశువైద్యుడికి చూపించాలి.

ఎంత శిక్షణ ఇచ్చినా ఏటా రేబిస్ టీకా తప్పదు. పసిపిల్లలను కుక్క దగ్గర ఒంటరిగా వదలకూడదు. ఎప్పుడైనా కరిస్తే, అది పెంపుడు కుక్కే కదా అని ఊరుకోక, గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.