మీకు తెలుసా? ఉప్పు కొలవడానికి వచ్చే పక్కింటావిడ

పక్కింటావిడ చేతిలో చిన్న మీటరుతో గుమ్మంలో నిలబడి, "మీ చారు ఓ గరిటెడు పొయ్యండి, ఉప్పెంతుందో చూస్తాను" అంటే మనం ఏమంటాం? జపాన్‌లోని నగానో ప్రాంతంలో అచ్చంగా ఇదే జరిగింది. అక్కడ 1981లో ఉప్పు తగ్గించే ఉద్యమం మొదలైంది. స్వచ్ఛంద కార్యకర్తలు, అందులోనూ ఎక్కువగా గృహిణులు, ఇళ్లకు వెళ్లి మిసో సూప్‌లో ఉప్పు కొలిచారు. సోయా గింజలకు ఉప్పు చేర్చి పులియబెట్టిన ముద్దే మిసో. ఆ సూప్ లేనిదే అక్కడి పెద్దవాళ్లకు ముద్ద దిగదు.

నగానోకు సముద్రం లేదు. చుట్టూ కొండలు, చలికాలమంతా మంచు. పచ్చికూర దొరకని ఆ నెలల కోసం ఆకుకూరల్ని జాడీలకు జాడీలు ఉప్పులో ఊరేసుకునేవారు. 1980 నాటి సర్వేలో మనిషి రోజుకు దాదాపు 16 గ్రాముల ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాములు దాటొద్దంటుంది. (ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఒకే విస్తట్లో వడ్డించుకునే మనం వాళ్లను చూసి నవ్వడానికి లేదు.) 1960లలో పక్షవాతంతో పోయేవాళ్లు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో నగానో ఒకటి.

ఈ ఆడవాళ్ల సేవ అంతకు చాలా ముందే, 1945లో మొదలైంది. ఇప్పటి సుజాకా నగరంలో కలిసిపోయిన తకాహో అనే ఊళ్లో ఆరోగ్య నర్సు ఊరి భారమంతా మోస్తూ సతమతమవుతుంటే, చూడలేక ఇరుగుపొరుగు ఆడవాళ్లు మేమూ ఓ చెయ్యి వేస్తామన్నారు. ఆ సాయమే క్రమంగా నగానో అంతటా ఓ పద్ధతిగా పాకింది. వీధికో మనిషి చొప్పున బాధ్యత తీసుకుంటారు. రక్తపోటు గురించి, తిండి గురించి, వయసు మీదపడ్డాక చేయాల్సిన వ్యాయామం గురించి ముందు తాము నేర్చుకుంటారు. తర్వాత వీధిలోవాళ్లకు చెబుతారు, పరీక్షలకు రమ్మని వెంటపడతారు.

దీనిలో నాకు బాగా నచ్చింది వంతుల పద్ధతి. ఈ బాధ్యత మామూలుగా రెండేళ్లే. ఆ తర్వాత ఇంకొకరు. అలా ఏళ్లు గడిచేసరికి వీధిలో సగం ఇళ్లలో ఎవరో ఒకరు ఆ పని చేసినవాళ్లే ఉంటారు. ఉప్పు తగ్గించమని ఈ ఏడు చెప్పించుకున్న కోడలే పైఏడు అత్తల వయసువాళ్లకు చెప్పాలి. అందరికీ చెప్పి తన ఇంట్లో ఎక్కువ వేసుకుంటే ఊరుకునేదెవరు? జీతమిచ్చి ఓ ఉద్యోగిని పెట్టి ఉంటే ఈ మొహమాటం పనిచేసేది కాదు.

వాళ్లు చెప్పిన చిట్కాలూ ఆచరించలేనివి కావు. మిసో మానెయ్యమనలేదు. సూప్‌లో కూరగాయముక్కలు బాగా దట్టించమన్నారు, దాంతో నీళ్లూ ఉప్పూ వాటంతటవే తగ్గుతాయి. నూడుల్స్ తిన్నాక అడుగున మిగిలిన రసం తాగొద్దన్నారు. చలికి రక్తపోటు పెరుగుతుంది కాబట్టి ఇంట్లో ఒక్క గదైనా వెచ్చగా ఉంచుకోమని నగానోలోని సాకు నగరంలో మరో ఉద్యమం నడిచింది.

అదే సాకు ప్రాంతానికి 1945లో వచ్చిన డాక్టర్ తోషికాజు వకత్సుకి ఇంకో దారి పట్టాడు. ఉపన్యాసం అంటే జనం రారని గ్రహించి, ఆసుపత్రి సిబ్బందితో నాటకాలు కట్టించి ఊళ్లలో ఆడించాడు. నొప్పిని పంటిబిగువున ఓర్చుకుని, ముదిరాక గానీ ఆసుపత్రికి రాని రైతుల అలవాటు మీదే ఆయన పోరాటం. 1959లో యాచిహో గ్రామంలో ఊరందరికీ ఏటా ఆరోగ్య పరీక్షలు మొదలుపెట్టారు. అక్కడా సాయం చేసింది ఊరివాళ్లే. 1976లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

2010 లెక్కల్లో నగానో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 80.88 ఏళ్లు, ఆడవాళ్లది 87.18. రెండూ జపాన్‌లో మొదటి స్థానమే. 2020లో మగవాళ్లలో రెండో స్థానానికి, ఆడవాళ్లలో నాలుగో స్థానానికి దిగింది. ఈ ఘనతంతా ఉప్పు మీటరుకే కట్టబెట్టడం సరికాదు. పెద్దవయసులోనూ పనిచేసేవాళ్లు జపాన్‌లో ఎక్కువగా ఉన్నది నగానోలోనే. డెబ్భై దాటినా పొలం వదలరు. కూరగాయలు తినడంలోనూ వాళ్లది ముందువరసే.

కాలూ చెయ్యీ ఆడుతుండగానే, ఎవరిచేతా చేయించుకోకుండా పోవాలని మన పెద్దలు దణ్ణం పెట్టుకుంటారు కదా. సాకు నగరంలో ఆ కోరికకే ఓ రాతి విగ్రహం ఉంది. 2003లో నిలిపారు. మొక్కుకోవడానికి వృద్ధులు బస్సుల్లో వస్తుంటారు.

నగానోలో ఇప్పుడు వచ్చిపడిన చిక్కు వేరు. ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్తున్నారు, పగటిపూట ఇళ్లకు తాళాలు. వంతు ఒప్పుకునే మనుషులు దొరకడం కష్టమైంది. కొన్నిచోట్ల మగవాళ్లనూ పిలుస్తున్నారు.